ఫ్యూజు చోట రాగితీగ

షాపు ముందు ఆపిన బావ లారీలో, సీటు వెనక ఆంప్లిఫయరు విప్పి చూసిన ఎలక్ట్రీషియన్‌కి ఒళ్లు మండిపోయింది.

“ఫ్యూజు ఉండాల్సిన చోట రాగితీగ చుట్టావేంటి బావా? బుద్ధుందా నీకు?”

“ఫ్యూజు ఊరికే ఎగిరిపోతోందిరా. విసుగొచ్చి చుట్టేశాను.”

“సౌండు అంతలా పెంచితే ఎగరదా మరి? బండి తగలబడితే మా అక్క ఏమైపోవాలి? నా మూతి వంక కాదు, ఈ వైరు వంక చూడు! ఎలా మాడిపోయిందో!”

“సరేలే, మార్చెయ్. ఇంకో రెండు సబ్‌వూఫర్లు కూడా తగిలించు.”

“ఉన్న రెండింటికే వీధిలో కిటికీలు అదురుతున్నాయి!”

“నా సీటు అదరాలిరా. పాట వీపుకి తెలియాలి.”

“వీపుకెందుకు? చెవులేం చేస్తున్నాయి?” తల వంచి తీగ పీకుతూ అడిగాడు. జవాబు రాలేదు.

వెనకెవరో లారీవాడు దారి కోసం ఆపకుండా హారన్ కొడుతున్నాడు. ఎలక్ట్రీషియన్ చిరాగ్గా తలెత్తాడు.

“ఇందాకట్నుంచి వాడు అంతలా కొడుతుంటే పలకవేం?”

“ఎవడు? ఎవర్ని కొట్టాడు?”

బావ కళ్లు ఇంకా అతని మూతి మీదే ఉన్నాయి. అతను చెయ్యి చాచాడు.

“బండి తాళం ఇటివ్వు,” అన్నాడు, ఒక్కొక్క మాటే విడదీసి.