ఎవడమ్మా ఈ అమోర్?

ఆళ్లగడ్డలో చెన్నకేశవులు బట్టల అంగడి. మధ్యాహ్నం, బేరాలు లేవు. నంద్యాలలోనే ఉండి బడిలో సంగీతం చెప్పే కూతురు భవాని పొద్దున బస్సుకే వచ్చింది. అంగడి వెనకే ఇల్లు; వంటింట్లో భార్య హేమలత.

"మళ్ళా అడుగుతాండా. ఎవడమ్మా ఆ అమోర్?"

"నాయనా, అమోర్ మనిషి కాదు."

"మనిషి కాకుంటే? పొద్దన్నుంచి చీరలు మడతబెడతా అదే పాడతాండావ్. ఊబి అంటావు, అమోర్ అంటావు. ఎవడో ఊబిలో దిగబడినాడు, నువ్వు గట్టు మీద నిలబడి పిలుస్తాండావ్. నాకర్థం గాదనుకున్యావా?"

"అది లాటిన్ నాయనా. ఎప్పటిదో దేవుని పాట. అమోర్ అంటే ప్రేమ."

"చూసినావా! నేననుకుందే."

"అయ్యో, ఆ ప్రేమ కాదు!"

"ఇంకెన్ని ప్రేమలుంటాయమ్మా? ఎదురంగడి లక్ష్మీనారాయణ చూసినాడంట. నంద్యాల చర్చి గేటు కాడ, నవ్వుకుంటా లోపలికి పోతాండావంట."

"పోతాండా. ఆడ పాటల మాస్టరు రాజరత్నం సార్..."

"ఎంత వయసు ఆయప్పకు?"

"డెబ్బై."

"కొడుకుల్లేరా?"

"నాయనా! ఆ సారు ఇచ్చిన పాత మాటలకు వరస నేను కట్టినా. ఒకే పాట, నాలుగు గొంతులు నాలుగు దారుల్లో పోయి కలుసుకుంటాయి."

"నువ్వు కట్టినావా?"

"నేనే."

"సినిమావోళ్ళ మాదిరి?"

"ఆ మాదిరే అనుకో. వచ్చే గురువారం, గుడ్ ఫ్రైడే ముందరి దినం, చర్చిలో పాడతారు. ఆ పొద్దు ఫాదర్ వంగి జనాల కాళ్ళు కడుగుతాడు, అప్పుడు."

"కాళ్ళు కడిగేది పెండ్లిలో, మామ అల్లునికి! నిజం చెప్పు భవానీ. చెంబు పట్టుకొని నన్ను రమ్మంటారా ఆడికి?"

"పెండ్లి కాదు నాయనా! పెద్దోడు చిన్నోళ్ళ ముందర తగ్గేది, అంతే."

"వాసవమ్మ గుడి కమిటీలో ఉండా నేను. చెన్నకేశవులు కూతురు మతం మారిందంటారు. ఏం చెప్పాల?"

"మారలేదని చెప్పు. బొట్టు పెట్టుకునే పోతా, ఎవరూ ఏమనలే. పాడేటోళ్ళు చాలక సారు ఎవరొచ్చినా రమ్మంటాడు. నువ్వు అర్థం విను ముందు. ఊబి అంటే యాడ. ఈబి అంటే ఆడ. ప్రేమ యాడుంటే దేవుడు ఆడుంటాడు."

"యాడ, ఆడ."

"ఆ."

"మన మాట మాదిరే ఉందే."

"దానికే గదా నేను పట్టుకునింది."

"బాగుంది. బాగుంది గానీ ఆ గురువారం దాటేదాకా నువ్వు నంద్యాల పోవద్దు."

"నేను లేకుంటే ముందర నిలబడి చెయ్యి ఊపేదెవరు?"

"చెయ్యి ఊపేదానికి మనిషి దొరకడా?"

"నా చెయ్యి చూసే అందరూ ఊపిరి తీసుకుంటారు నాయనా. నిద్దర మానుకొని కట్టినా దాన్ని. నాదీ అని నేను చేసింది ఇదొకటే."

"ఏడుస్తాండావా?"

"లే."

"ఏడవొద్దమ్మా, ఎవరన్నా వస్తారు. సరే. ఒక్కసారి పాడు, ఇంటా. మెల్లగా. ఆ లక్ష్మీనారాయణకు ఇనపడకుండా."

"ఊ... బి..."

"ఊ. ఆగినావే?"

"ఊపిరి తీసుకున్యా."

"ఆడ తీసుకోగూడదు పాపా! మొన్న శనివారం నువ్వే మా మీద అరిచినావు గదా, ఆ మాట తెగకూడదని!"

"హేమా? నువ్వు వంటింట్లో నుంచి ఏం... మా మీద అంటావేంది? మీరెవరు?"

"అమ్మా, నువ్వు గమ్మునుండు!"

"నువ్వుండు భవానీ. ఏమే, శనివారం శనివారం పాపకు అన్నం తీసుకపోతాండా అని గదా పోతాండావ్?"

"తీసుకపోతాండా. పాప తిన్నాక నేనూ నిలబడి పాడతాండా. రెండో వరసలో."

"నువ్వా? నీకు పాటొస్తాదా?"

"పెండ్లికి ముందు నుంచీ వస్తాది. ఈ ఇంట్లో అడిగినోళ్ళే లేకపాయ."