డాక్టరమ్మ తీయలేని తలుపు

నా పేరు మీ కాగితాల్లో ఉంది. అందరికీ మాత్రం నేను మేస్త్రీని. వయసు యాభై ఎనిమిది, వృత్తి వడ్రంగం. రేవు పక్కనున్న ధర్మాసుపత్రిలో తలుపులు, కిటికీలు, మంచాలు బాగుచేస్తాను. మా ఆవిడ అక్కడే ఆయా. ఇన్‌స్పెక్టరు గారు అడిగిన మీదట, ఎవరి బలవంతమూ లేకుండా చెబుతున్నాను.

ఆ భవనం నూరేళ్ళు దాటినది. ఉప్పుగాలికి ఏటా ఏదో ఒక తలుపు ఉబ్బుతుంది. నేను చిత్రిక పడతాను, కొత్త మేకులు అడిగితే ఆసుపత్రి నడిపే డాక్టరమ్మ గారు సణుగుతారు. మా ఇద్దరికీ క్షణం పడదు. ఆవిడ ఒక్కపూట రాకపోతే నాకు తోచదు. ఆసుపత్రి కట్టించిన ఓడల వర్తకుడు ముందు తలుపుకు గొళ్ళెం పెట్టొద్దన్నాడట, ఏ వేళప్పుడు ఎవరొచ్చినా తోసుకుని లోపలికి రావాలని. ఇప్పటికీ పెట్టలేదు.

మొన్న సోమవారం నగరపాలక ఉద్యోగులు వచ్చి, భవనం కూలేలా ఉందని రోగులను వంతెన అవతలి పెద్దాసుపత్రికి పంపేశారు. తాళం వేయబోతే గొళ్ళెం లేదు. రెండు రెక్కల కడియాలకూ గొలుసు చుట్టి, తాళం వేసి, లక్క ముద్ర కొట్టారు. డాక్టరమ్మ గారు అయినా మానలేదు. రోజూ వచ్చి, మెట్ల మీద కుర్చీ వేసుకుని రోగులను చూస్తున్నారు. మేమూ వెళ్ళి కూర్చుంటున్నాం.

నిన్న మధ్యాహ్నం మూడు గంటలప్పుడు ఒక రేవు కూలీ తన భార్యను తోపుడుబండి మీద తెచ్చాడు. నొప్పులు ముదిరిపోయాయి. ఓడ దాటడానికి వంతెన పైకి లేపి ఉంది. వాన మొదలైంది. డాక్టరమ్మ గారు మెట్ల మీదే పురుడు పోయడానికి సిద్ధపడ్డారు. మా ఆవిడ దుప్పటి అడ్డం పట్టుకుని, "ఏమండీ, అలా దిష్టిబొమ్మలా నిలబడే బదులు ఆ తలుపు సంగతి చూడండి" అంది.

గొలుసు ముట్టుకుంటే నేరమని తెలుసు. అందుకే ముట్టుకోలేదు. ఆ తలుపు బయటికి తెరుచుకుంటుంది, మడతబందులు బయటే ఉంటాయి. ఎడమ రెక్క బందుల్లోని మేకులు లాగేశాను. నేనూ ఆ కూలీ కలిసి ఆ రెక్కను ఎత్తి పక్కకు జరిపాం. తాళం, గొలుసు, లక్క చెక్కుచెదరలేదు, మీరే చూసుకోండి. వంతెన దిగేలోపే లోపల ఆడపిల్ల పుట్టింది. దాని గొంతు ఓడ కూతకు ఏమాత్రం తీసిపోలేదు. భవనం కూలలేదు.

సాయంత్రం మీవాళ్ళు వచ్చి తలుపు ఎవరు తీశారంటే, నేను నోరు తెరిచేలోపే డాక్టరమ్మ గారు "నేనే" అన్నారు. వెంటనే మా ఆవిడా "నేనే" అంది. కేసు పడితే డాక్టరమ్మ గారికి వైద్యం చేసే అనుమతి పోతుందని మీరే అన్నారు. అయ్యా, అది టేకు తలుపు. ఎత్తేసరికి మా ఇద్దరు మగవాళ్ళకూ ఊపిరాడలేదు. డాక్టరమ్మ గారికి డెబ్భై దాటాయి, మందుసీసా మూత బిగుసుకుంటే నన్ను పిలుస్తారు. కావాలంటే ఎత్తించి చూడండి. వద్దులెండి, పంతానికి పోయి నిజంగానే ఎత్తబోతారు, నడుం పడుతుంది.

చావుబతుకుల్లో ఉన్నవాళ్ళకు కూడా ఉన్నదున్నట్టు చెప్పే మనిషి ఆవిడ. ఆవిడ అబద్ధం చెప్పగా నేను వినడం ఇదే మొదటిసారి, అదీ నా కోసం. ఆ మాట కొట్టేయండి. ఆవిడ పేరు మీద అది మిగలడం నాకు ఇష్టం లేదు.

ఇదంతా చదివి వినిపించారు, నేను చెప్పిన మాటలే. తలుపు తీసింది నేనే. నాకు సంతకం చేయడం వచ్చు. రెక్క ఎత్తేటప్పుడు కుడిచేయి నలిగి వాచింది కాబట్టి ఎడమచేతి బొటనవేలి ముద్ర వేస్తున్నాను.