తలుపుకు అడ్డం పెట్టిన బస్తాలు

నా పేరు మత్తయి, తండ్రి పేరు దేవయ్య, వయసు 56. ప్రభుత్వ బడిలో ఇంగ్లిష్ టీచర్‌ను. పెర్కిట్‌లో ఉంటాను. మేజిస్ట్రేట్ గారు అడిగిన మీదట నాకు తెలిసింది చెబుతున్నాను.

ఫిబ్రవరి 18, బుధవారం, మూడో పీరియడ్‌లో తొమ్మిదో తరగతికి 'బ్లాక్' అనే క్రియ చెప్పాను. అర్థం అడ్డుకోవడం, దారి మూసేయడం. బర్రె రోడ్డుకు అడ్డంగా పడుకుంటే బస్సు ఆగుతుంది కదా, అదే అన్నాను. పిల్లలు నవ్వారు. ఈ మాట పెట్టి, కళ్లారా చూసినవే మూడు వాక్యాలు రాసుకు రమ్మన్నాను.

మర్నాడు నలభై ఒక్క నోట్‌బుక్కులు వచ్చాయి. ఓటర్ల జాబితా పని కూడా నా మీదే ఉంది. మధ్యాహ్నం అన్నం తింటూ దిద్దాను. దిద్దడం అంటే టిక్కు పెట్టడమే. ముప్పై ఏళ్ల అలవాటు, చేయి దానంతట అదే పోతుంది. ఆ తరగతిలోని వర్షిత నోట్‌బుక్‌లోనూ మూడు టిక్కులు పెట్టి, గుడ్ అని రాసి, సంతకం చేశాను.

మార్చి 10 ఉదయం పదకొండున్నరకు గంగాకిషన్ సేటుకు చెందిన, పసుపు కొమ్ములు పాలిష్ పట్టే షెడ్డులో మోటారు కాలి మంటలు లేచాయి. వర్షిత తల్లి కమలవ్వ అక్కడ కూలి. వెనక తలుపుకు బస్తాలు అడ్డం ఉండి, బయటికి రాలేక పొగకు చనిపోయింది. బస్తాలు ఆ పొద్దున్నే దించామని, అంతకు ముందు తలుపు ఖాళీగానే ఉండేదని గంగాకిషన్ చెబుతున్నాడట.

13వ తేదీ వాళ్లింటికి పోయాను. వర్షిత ఏడవలేదు. నోట్‌బుక్ తెచ్చి నా ముందు పెట్టింది.

"సార్, నేను రాసిన గదా. మీరు గుడ్ అని పెట్టిండ్రు" అన్నది. కోపంగా అనలేదు. కోపంగా అన్నా బాగుండేది.

అప్పుడు చదివాను. తెలుగులో చెబితే ఇట్లా ఉంది. పసుపు బస్తాలు వెనక తలుపుకు రోజూ అడ్డం ఉంటాయి. మా అమ్మ లోపల పని చేస్తుంది. తీయమంటే సేటు తిడతాడు. రెండో, మూడో వాక్యాల్లో నేను చెప్పిన క్రియే లేదు. వాటికీ టిక్కు పెట్టాను.

ఆ నోట్‌బుక్ ఇస్తున్నాను. తేదీ ఫిబ్రవరి 19, నా చేత్తో వేసిందే. ఇది ఇస్తే ముందు నీ పేరే చెడుతుందని తోటి టీచర్ అన్నాడు. చెడనీ. తలుపు సంగతి ఎవరూ చెప్పలేదంటే అది అబద్ధం. ఆ పిల్ల చెప్పింది. నాకే చెప్పింది.

ఇదంతా నాకు చదివి వినిపించారు. చెప్పింది చెప్పినట్టే ఉంది, నిజమే ఉంది. కింద ఉన్నది నా సంతకమే. నోట్‌బుక్‌లో గుడ్ కింద ఉన్నదీ ఇదే.

(సంతకం) మత్తయి
ఆర్మూర్, మార్చి 16