మట్టిగట్టు అంచున

ఇంగ్లండు తూర్పు తీరంలో, సముద్రం ఏటేటా కోసుకుపోతున్న మట్టిగట్టు మీద ఒక పాత చర్చి ఉంది. ఆ ఉదయం దాని వెనక, భర్త పోయిన ఒకామె సమాధులు తవ్వే ముసలాయనతో మాట్లాడుతోంది.

“మొన్నటి గాలివానకి ఎంత పోయింది, తాతా?”

“నాలుగడుగులమ్మా. ప్రహరీ మొత్తం జారిపోయింది.”

“మా ఆయన జెత్రో సమాధికీ అంచుకీ మధ్య ఎంత మిగిలింది?”

“చూస్తూనే ఉన్నావుగా.”

“నువ్వు చెబితే నమ్ముదామని.”

“మూడడుగులు.”

“మరి అటు పొలం వైపుకి మార్చవేం? పార నీ చేతిలోనే ఉందిగా!”

“బిషప్పుగారి ఉత్తరం లేకుండా ఎముక కదిపితే నన్ను జైల్లో పెడతారు తల్లీ. పాదిరీగారు ఆయనకి మూడుసార్లు రాశారు.”

“ఏమన్నారట?”

“ఆలోచిస్తున్నారట.”

“సముద్రం ఆలోచించదుగా! ఆ రోజు పడవ ముంచి ఆయన్ని మింగింది, తొమ్మిదో రోజున ఒడ్డుకి తెచ్చి పడేసింది. ఇచ్చిన మనిషిని మళ్ళీ పట్టుకుపోతుందా?”

“దానికి సిగ్గా, ఎగ్గా? పోయినేడు మా అమ్మ సమాధి పోయింది. నా చేత్తో తవ్విందే. పక్కనే నిలబడి చూశాను.”

“చూసి, ఏం చేశావు?”

“టోపీ తీశాను. ఇంకేం చెయ్యను?”

ఆమె అంచు దాకా వెళ్ళి కిందికి చూసింది.

“ఆ పడవలో మిగతా నలుగురూ దొరకనే లేదు కదా. వాళ్ళ పెళ్ళాలు పూలు ఎక్కడ పెడతారు?”

“కింద ఇసుకలో. అల వచ్చి పట్టుకుపోతుంది.”

“నాకో సమాధి ఉందని ఇన్నాళ్ళూ వాళ్ళ ముందు కాస్త గర్వంగానే తిరిగాను, తాతా. ఇకమీదట ఆ ఇసుకలో నన్ను వాళ్ళ పక్కన నిలబడనిస్తారేమో, నువ్వే అడిగిపెట్టు.”