మగ్గం కొయ్య

ధర్మవరంలో నేతగాడు తన చేమగ్గాన్ని విప్పి, టేకు కొయ్యలు వాకిట్లో వేశాడు. హిందూపురం నుంచి కొనడానికి వచ్చినాయన ఒక్కొక్కటీ కొట్టి చూశాడు.

"డిపోలో టేకు కొనే తాహతు యాడుండాదప్పా? ఇది బాగా ఎండిన కొయ్య."

"మా నాయన చేయించిండేది. మగ్గముండే తావులో పవర్‌లూమ్ పెడతాండాం. దీంతో ఏం చేస్తావప్పా?"

"ఆదివారాలు ఇంట్లో నేనే వడ్రంగం చేసుకుంటాలే. ముందు చెప్పుల స్టాండు."

నేతగాడు ఒక కొయ్యను తనవైపు లాక్కున్నాడు. తండ్రి నాటి నుంచీ ఆ మగ్గం దగ్గరికి చెప్పుకాళ్లతో ఎవరూ పోలేదు.

"ఏమప్పా, రేటు చాల్లేదా?"

"రేటు కాదు. దేవుని పీటకని ఒక అబద్ధం చెప్పింటే నీ సొమ్మేం పోతాండె? సరే, ఎత్తుకో."