ఊరి ఫొటోల్లో లవోన్

అయోవా రాష్ట్రంలో కోల్డర్ క్రీక్ అనే చిన్న ఊరు. ఊరి ఫొటోగ్రాఫర్ మెర్ల్ పోయిన మరుసటి ఏడు, అతని భార్య ఆర్డిస్ ఫొటోలున్న ఒక అట్టపెట్టె చంకన పెట్టుకుని తన అన్న భార్య లవోన్ ఇంటికి వచ్చింది.

“కాఫీ తర్వాత తాగుతాలే వదినా. ముందు ఇవి చూడు.”

“మ్యూజియానికి ఇస్తానన్నావే, అవేనా? ఊరికి నూరేళ్ళ పండగ శనివారమేగా. ఇంకా ఇవ్వలేదా?”

“ఇద్దామనే బయటికి తీశా. తీశాక చేతులు రాలేదు. ఇదిగో, జులై నాలుగు, స్వాతంత్ర్య దినం ఊరేగింపు. ఎవరున్నారు?”

“బ్యాండు వాళ్ళు. ఫైరింజను. పాస్టరుగారు...”

“ఆయన పక్కన?”

“నేనే.”

“ఇది వరదొచ్చినప్పటిది. మెయిన్ వీధిలో పడవలు. ఇందులో?”

“నేనే ఉన్నట్టున్నాను.”

“ఉన్నట్టున్నావా! పడవలు సరిగ్గా కనపడట్లేదు, నువ్వు కనపడుతున్నావు. ఇది బడి తగలబడ్డనాటిది. ఊరంతా మంటలకేసి చూస్తుంటే మా ఆయన నీకేసి చూస్తున్నాడు. ఇది మొక్కజొన్న పండగ. ఇందులోనూ...”

“చిన్న ఊరు ఆర్డిస్. ఎక్కడ తీసినా ఎవరో ఒకరు పడతారు. రూబార్బ్ పై తింటావా? ఆ పుల్లటి కాడలు వేసి పొద్దున్నే చేశా.”

“నీ తీపి నాకేం వద్దు. ఎవరో ఒకరు పడితే నేనెందుకు పడలేదు? నేనూ ఈ ఊళ్ళోనే ఏడిచానుగా! నన్ను తీసింది పెళ్ళిరోజున. అందులోనూ సగం తల ఎగిరిపోయింది. పుట్టినరోజుకి ఒక్కటి తియ్యవయ్యా అంటే రీలు అయిపోయిందనేవాడు. రీలు ఎక్కడ అయిపోయేదో ఇప్పుడు తెలిసింది.”

“కాఫీ చల్లారిపోతోంది.”

“చల్లారనీ. మాట దాటెయ్యకు. నీకు తెలిసే తీశాడా, తెలియకుండానా?”

“తెలిసే.”

“తెలిసే! మరి అన్నయ్యకి?”

“తెలిస్తే ఊరుకునేవాడా?”

“అమ్మో, అమ్మో! అన్నయ్య ప్రాణాలకి తెగించి వరదలో పిల్లల్ని మోసుకొస్తుంటే, నువ్విక్కడ మా ఆయన ముందు నుంచుని... పోయి ఇన్నేళ్ళయినా ఊరు మా హార్లన్ అన్నయ్యని మరిచిపోలేదు. మ్యూజియం గుమ్మంలో ఆయన ఫొటోయే పెట్టారు. పోలీసు చీఫ్ యూనిఫాంలో, తలుపంత!”

“అరవకు. కిటికీ తీసుంది.”

“విననీ! అసలేం చూశాడు నీలో? నాకంటే పెద్దదానివి. నవ్వవు కూడా. ఒక్కదాంట్లోనన్నా నవ్వావా? చేలో దిష్టిబొమ్మలా...”

“నవ్వడానికి తీయించుకోలేదు.”

“తీయించుకున్నావా? అంటే, నువ్వే అడిగావా?”

“మొదటిసారి ఆయనే అడిగాడు. తర్వాత నేనే వెళ్ళేదాన్ని. కెమెరా ఎక్కడుంటే అక్కడ నుంచునేదాన్ని.”

“ఎంత ధైర్యం! నా మొహం మీదే చెప్తున్నావు. నేనిక్కడికి వచ్చేటప్పుడు నువ్వు కాదంటావనుకున్నా. కాదంటే బావుండుననుకున్నా...”

“ఆర్డిస్, వచ్చిన దగ్గర్నుంచీ నేను ఉన్నానని చూపిస్తున్నావు గానీ, నేను ఎలా ఉన్నానో చూడలేదు. కళ్ళజోడు పెట్టుకో. ఈ ఊరేగింపుది సరిగ్గా చూడు.”

“చూస్తున్నా. టోపీ. మొహం మీద టోపీ నీడ.”

“నీడ ఒక కంటి కిందే పడుతుందా?”

“మరి ఇది? బడి తగలబడ్డప్పుడు?”

“మెడ దగ్గర చూడు. స్కార్ఫ్ కావాలనే జార్చాను. జార్చమన్నాడు మెర్ల్.”

“వేళ్ళు... వేళ్ళ గుర్తులు వదినా.”

“వరదప్పుడు చేతికి కట్టుంది. మెట్ల మీంచి పడ్డానని చెప్పాను మీ అందరికీ.”

“నేనే సూపు కూడా చేసి తెచ్చాను. ఆగు, ఆగు. ఎవరు చేశారిదంతా?”

“ఈ ఇంట్లో నేనూ, మీ అన్నా. ఇంకెవరున్నారు?”

“అన్నయ్యా? ఛ! ఆయన పోలీసు...”

“అదే మరి. ఎవరికి చెప్పుకోమంటావు? ఫిర్యాదు ఇవ్వాలన్నా వెళ్ళి ఆయన బల్ల ముందే నుంచోవాలి. ఓరోజు ఏదో పని మీద స్టూడియోకి వెళ్తే మెర్ల్ నా మొహం చూశాడు. ఏమైందని అడగలేదు. ‘నీకు విడిగా ఫొటో తీస్తే హార్లన్ చింపేస్తాడు. ఊరి ఫొటోల్లో నుంచో లవోన్. ఊరి ఫొటోలు ఎవరూ చింపరు’ అన్నాడు.”

“మరి నాకు? మా ఆయన నాకెందుకు చెప్పలేదు? ఇన్నేళ్ళు ఒకే మంచం మీద పడుకున్నాం. నీతో పంచుకున్నాడు గానీ, నాతో ఒక్క ముక్క కూడా...”

“నేనే ఒట్టు వేయించుకున్నాను. మీ అన్నంటే నీకు దేవుడు. చెప్పినా నువ్వు నమ్మవన్నాను.”

“దానికి ఆయనేమన్నాడు?”

“ఇప్పుడెందుకులే అవన్నీ.”

“వదినా, ఆయనేమన్నాడు?”

“నమ్ముతుందన్నాడు. తీసిన ప్రతిసారీ అదే మాట. ‘ఆర్డిస్ నమ్ముతుంది, చెప్పనీ’ అని. నేనే ఒప్పుకోలేదు.”

“కోటు వేసుకో.”

“ఎక్కడికి?”

“మ్యూజియానికి. శనివారానికి ఇవన్నీ గోడెక్కాలి. అన్నయ్యకి సరిగ్గా ఎదురుగా. నువ్వు సరేనంటేనే.”

“ఊరంతా చూస్తుంది ఆర్డిస్.”

“చూడాలనేగా వదినా, మా ఆయన తీసింది!”