మనిషికొక గుడ్డు

బాటూర్ అగ్నిపర్వతం అడుగున, ఇంకా చీకటిగా ఉండగానే, గైడు తన గుంపును లెక్కపెట్టుకున్నాడు. అయిదుగురు విదేశీయుల వెనక, తలకు లైటు కట్టుకుని ఆరో మనిషి నిలబడి ఉంది. దగ్గరికి వెళ్ళి చూస్తే, పన్నెండు రోజుల కిందట పోయిన తోటి గైడు భార్య.

“ఇదేంటి వదినా, మైలలో ఉండి కొండకొచ్చావా? అదుగో గుడి. అది దాటకూడదని నీకు నేను చెప్పాలా?”

“టికెట్ కొన్నాను. వీళ్ళలాగే.”

“వీళ్ళూ నువ్వూ ఒకటా?”

“ఆ ఎర్ర జాకెట్టామె మేమొచ్చిన వ్యానులో దారంతా ఏడుస్తూనే ఉంది. వాళ్ళింట్లో ఎవరైనా పోయారేమో అడిగావా?”

“గెస్టుల్ని అలాంటివి అడగం.”

“అయితే నన్నూ అడక్కు.”

అతను గుడి వైపు చూసి, తల తిప్పుకున్నాడు.

“మైల తీరాక నేనే తీసుకెళ్తాగా. ఇప్పుడేం తొందరొచ్చింది?”

“మీ అన్న రోజూ జేబులో ఒక గుడ్డు తెచ్చేవాడు. పైన ఆవిరిలో ఉడికిందని, గెస్టులు తినగా మిగిలిందని చెప్పి నాకు పెట్టేవాడు. ఆ ఆవిరి ఎక్కడొస్తుందో ఒకసారి చూసి దిగిపోతా.”

“మిగలడమేంటి వదినా? మాకిచ్చేది మనిషికొకటే. అది అన్న వంతు.”



“మరి ఆయనేం తినేవాడు?”

“ఆకలి లేదనేవాడు.”

“రోజూనా?”

“రోజూ.”

గుంపు కదిలింది. అతను గొంతు తగ్గించాడు.

“సరే, ఆ ఎర్ర జాకెట్టామె వెనకే నడువు. గుడి దగ్గర మాత్రం ఆగకు.”

“ఆగను. పైన నీ వంతు గుడ్డు నాకు పెట్టకు.”